శుభలేఖల వెనక పద్దులు

అమ్మ సంవత్సరీకం అయిన మర్నాడు తమ్ముడు అటక మీంచి రేకుపెట్టె దింపాడు. అమ్మ పెట్టె. పోయినేడాది దాన్ని తెరిచే ఓపిక మాలో ఎవరికీ లేకపోయింది. తాళంచెవి ఎక్కడుందో తెలీదు. స్క్రూడ్రైవరు పెట్టి గొళ్ళెం ఊడబెరికాడు.

మూత ఎత్తగానే గుప్పుమంది. "కలరా ఉండలు" అన్నాడు వాడు. "కాదండీ, పసుపు" అంది మరదలు. నాకు మాత్రం అది నాన్న చొక్కా. అచ్చు సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. ముగ్గురం చెప్పిందీ నిజమేనని ఆ సాయంత్రానికి తెలిసింది.

పైన రెండు పట్టుచీరలు. వాటి కింద నాన్న కళ్ళజోడు, చిన్న వెండి కుంకుమ భరిణె. అడుగున పురికొసతో కట్టిన పుస్తకాల కట్ట. అరచేతి కన్నా కాస్త పెద్దవి, మొత్తం పదకొండు. అట్టలు పాత క్యాలెండరు కాయితాలు. ఒకదాని మీద లక్ష్మీదేవి సగమే ఉంది. తామరపువ్వూ, పాదాలూ ఇంకో పుస్తకానికి వెళ్ళాయి.

ఒకటి తెరిచాను. ఎడమవైపు "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" అని ఎవరిదో పెళ్ళి. కుడివైపు అమ్మ చేతిరాత. "వంకాయలు అరకిలో 0-50. ఉప్పు 0-20. కార్డు 0-15."

*

నాన్న కంపోజిటరు, అచ్చుకి అక్షరాలు పేర్చే పని. తెనాలిలో అప్పట్లో ప్రెస్సులకి కొదవ లేదు. బోసు రోడ్డు వెనక ఒక సందులో, ట్రెడిల్ మెషిను ఒకటీ, అక్షరాల కేసులు నాలుగు వరసలూ ఉన్న చిన్న ప్రెస్సులో పనిచేసేవాడు. ఎడమచేతిలో స్టిక్కు పట్టుకుని, కేసు వైపు చూడకుండానే కుడిచేత్తో అక్షరాలు ఏరేవాడు. తలకట్టు ఒక గడిలో, వత్తులు ఇంకో గడిలో. తెలుగుకి ఎన్ని గళ్ళు కావాలో ఆలోచించండి. సెలవుల్లో అన్నం క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు పక్కన నిలబడి చూసేదాన్ని. టిక్కు టిక్కుమని సీసం అక్షరాలు స్టిక్కులో పడే చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మెషిను తిరిగితే నేల అదిరేది. దాహమేసి మంచినీళ్ళు తాగినా వాటిలో కూడా సిరా వాసనే.

జీతం నెలకి కాదు, వారానికి. శనివారం సాయంత్రం బట్వాడా. నాకు ఊహ తెలిసేనాటికి వారానికి నలభై ఎనిమిది రూపాయలు. ఓవర్‌టైము ఉంటే అరవై దాకా వచ్చేది. ఆ ఓవర్‌టైమంతా పెళ్ళిళ్ళ పుణ్యమే. ఎందుకంటే ప్రెస్సుకి బతుకుదెరువు పుస్తకాలూ కాదు, బిల్లు బుక్కులూ కాదు, శుభలేఖలు.

కాబట్టి మా ఇంటి బడ్జెట్ పంచాంగాన్ని బట్టి నడిచేది. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు గానీ నిజం. మాఘం, ఫాల్గుణం వస్తే ఇంట్లో పప్పులో నెయ్యి పడేది. వైశాఖంలో అమ్మ ఏడాది సరుకు కొనేది. ఆషాఢం శూన్యమాసం, పెళ్ళిళ్ళుండవు. భాద్రపదం శూన్యమాసం. పుష్యం శూన్యమాసం. మధ్యలో గురుమూఢమో శుక్రమూఢమో వచ్చిపడితే మంచి నెలలు కూడా చచ్చినట్టే. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో అందరూ తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని వింటుంటే, మా అమ్మ మాత్రం ఈ ఏడు మూఢాలు ఎప్పుడు, ముహూర్తాలు ఎన్ని అని వేళ్ళు లెక్కపెట్టుకునేది. ఊళ్ళో ఎవరికి పెళ్ళి సంబంధం కుదిరినా పెళ్ళివాళ్ళ తర్వాత ఎక్కువ సంతోషించింది ఆవిడే.

*

మారీసుపేటలో మాది అద్దె ఇల్లు. ముందు గది, వెనక వంటిల్లు, ఆ వెనక దొడ్డి. సెంటున్నర ఉంటుందేమో. ఇంటివాళ్ళ మామ్మగారు మంచావిడే గానీ కరెంటు లెక్క దగ్గర గట్టిది. మీటర్లు వేరుగా లేవు. బల్బుకి నెలకింత అని వసూలు చేసేది. అందుకని గదికీ వంటింటికీ మధ్య గోడలో పైన ఒక ఇటుక తీసేసి, ఆ కంతలో బల్బు పెట్టించింది అమ్మ. సగం వెలుగు మాకు, సగం వెలుగు పొయ్యికి. ఆ వెలుగులోనే ఎక్కాలు చదివాను. రాత్రి పూట అమ్మ వంటింట్లో అటూ ఇటూ తిరిగితే నా పుస్తకం మీద ఆవిడ నీడ పడేది. "అమ్మా, జరుగు" అని అరిచేదాన్ని.

దొడ్డి మాత్రం పూర్తిగా అమ్మ రాజ్యం. నుయ్యి, నూతిపళ్ళెం, పళ్ళెం నించి వచ్చే నీళ్ళకి చిన్న బోదె. ఆ బోదె అరటిచెట్టు మొదట్లోకి, అక్కణ్ణించి చేమదుంపల మడిలోకి వెళ్ళేది. అంట్లు తోమిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు ఒక్క చుక్క వీధిలోకి పోయేది కాదు. పుల్లటి మజ్జిగ అడుగు కరివేపాకు చెట్టుకి. బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం చెట్లకి పోసేది కాదు. వాటికి వేరే లెక్క ఉంది, చెప్తాను.

వేసవిలో కాలవలు కట్టేసేవారు. తెనాలికి మూడు కాలవలున్నా, నీళ్ళు ఆపేస్తే పక్షం తిరిగేసరికి నూతుల్లో నీళ్ళు కిందికి దిగిపోయేవి. చేదకి ఇంకో మూర తాడు కట్టాలి. అప్పుడు దొడ్డంతా బోసి. కరివేపాకూ, మునగా, అరటీ తప్ప ఏమీ మిగిలేవి కాదు. మళ్ళీ జ్యేష్ఠంలో నాలుగు చినుకులు పడగానే అమ్మ గోడ దగ్గరికి వెళ్ళేది. గోడకి పిడకల్లాగా పేడముద్దలు కొట్టి ఉండేవి. వాటిలో బీర గింజలు, పొట్ల గింజలు, ఆనప గింజలు. పురుగు పట్టకుండా అలా దాచేది. ముద్ద చిదిపి, గింజలు ఏరి, ఒక రాత్రి నానబెట్టి గుంటకి మూడు చొప్పున పెట్టేది. "ఒకటి చీమకి, ఒకటి పిట్టకి, ఒకటి మనకి" అనేది. మూడూ మొలిస్తే మాత్రం రెండు పీకేసి పక్కింటికి ఇచ్చేది.

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, ఆవిడ దొడ్డి కూడా ముహూర్తాలు చూసే నడిచింది. ఆషాఢంలో చేతిలో డబ్బులుండవు, అప్పటికి తోటకూర, గోంగూర, మునగాకు ఉండాలి. ఆషాఢంలో మునగాకు తినాలని శాస్త్రం కూడా ఉందాయె, మాకు అది కలిసొచ్చింది. భాద్రపదానికి బీర, పొట్ల కాపుకి రావాలి. పుష్యంలో చిక్కుడు. చిక్కుడు పాదు పందిరెక్కి పెంకుల మీదికి పాకి, మంచు పడ్డ పొద్దున గుత్తులు గుత్తులుగా వేలాడేది. పేనుబంక పడితే పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి, తెల్లారుఝామున ఆకులు తడిగా ఉన్నప్పుడే చల్లేది. నేను బడికి వెళ్ళేముందు పందిరి కింద నిలబడితే నెత్తిమీద బూడిద రాలేది. రథసప్తమికి వీధిలో సగం ఇళ్ళకి చిక్కుడుకాయల రథం, పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులు మా పాదువే. వాళ్ళెవరూ ఊరికే తీసుకెళ్ళేవాళ్ళు కాదు. ఒకరు బెల్లంముక్క, ఒకరు గ్లాసుడు పాలు. అమ్మ అడిగేది కాదు, వద్దనేదీ కాదు.

పొట్లకాయ వంకర తిరక్కుండా చివర దారంతో రాయి కట్టడం నా పని. దారం కొట్టునించి వచ్చేది. శెట్టిగారు సరుకులన్నీ పేపరు పొట్లాలు కట్టి ఇచ్చేవాడు కదా, పొట్లం విప్పగానే దారం ఉండకి చుట్టాలి, కాయితం చదును చేసి పరుపు కింద పెట్టాలి. ఆ ఉండ నా తలంత అయింది ఒకసారి. ఇప్పుడు చూస్తే ఈ పద్దు పుస్తకాలు కుట్టింది కూడా ఆ దారంతోనే. దబ్బనంతో మూడు కుట్లు, మధ్యలో ముడి.

మొదటి బీరకాయ ఎప్పుడూ మాకు దక్కేది కాదు. పాదు మొదట్లో ఉన్న మంచికాయ ఒకటి చూసి ఎర్రదారం కట్టేది. ఇంక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. విత్తనం కాయ. అది ముదిరి, ఎండి, గలగలలాడాక గింజలు పేడముద్దల్లోకి, పీచు నీళ్ళగదిలోకి. ఆ పీచుతో అమ్మ వీపు రుద్దుతుంటే చర్మం ఊడొచ్చేదేమో అన్నంత మంట. మొన్న మా అమ్మాయి అదే బీరపీచు అందమైన అట్టపెట్టెలో రెండువందల యాభై పెట్టి తెప్పించుకుంది. నేనేమీ మాట్లాడలేదు.

*

బియ్యం కడిగిన నీళ్ళ సంగతి. మా పక్కింట్లో పిన్నిగారికి గేదె ఉండేది. మా ఇంట్లో కడుగునీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ ఒక కుండలో చేరేవి. సాయంత్రం వాళ్ళబ్బాయి వచ్చి ఆ కుడితి తీసుకెళ్ళేవాడు. పొద్దున చెంబుడు మజ్జిగ వచ్చేది. ఒకసారి ఆ చెంబు మరీ పల్చగా ఉందని అమ్మకి అనుమానం. గొడవ పెట్టుకోలేదు. మర్నాడు కుడితిలో రెండు చెంబులు నీళ్ళెక్కువ పోసింది. రెండ్రోజులకి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏమ్మా, మీ కుడితి ఈమధ్య తేలిపోతోందే" అంది. "మజ్జిగ చిక్కబడితే అదీ చిక్కబడుతుందిలెండి పిన్నిగారూ" అంది అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత మజ్జిగలో వెన్నపూస తేలిన రోజులు కూడా ఉన్నాయి.

తొక్కలన్నీ గేదెకే పోయేవనుకోకండి. ముందు మా వాటా. బీరపొట్టు పచ్చడి, ఆనపతొక్కు పచ్చడి, అరటికాయ తొక్క పచ్చడి. బీరకాయ చెక్కిన పొట్టు చుక్క నూనెలో, చిన్న సెగ మీద, పచ్చిదనం పోయి అంచులు ముడుచుకునేదాకా వేయించాలి. మినప్పప్పు, ఎండుమిరపకాయలు వేరుగా. చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరుతుంటే మరీ మెత్తగా కాకముందే ఆపెయ్యాలి. పంటికింద పొట్టు తగలాలి. ఒక బీరకాయ ఇద్దరు మనుషులకి కూర, నలుగురికి పచ్చడి. మా తమ్ముడు కూర వద్దని పచ్చడితోనే తినేవాడు. ఇప్పటికీ వాడింట్లో బీరకాయలు కొనేది పొట్టు కోసమే అంటుంది మరదలు.

*

పొట్టు అంటే ఇంకో పొట్టు గుర్తొస్తుంది. రంపపు పొట్టు.

కిరసనాయిలు రేషన్‌లో వచ్చేది కొంచెమే. అది స్టవ్వు కోసం, అదీ అత్యవసరానికి. రోజూ వంట పొట్టు పొయ్యి మీద. అడితి పక్కన కోతమిల్లులో గోతాం పొట్టు చవగ్గా ఇచ్చేవారు. ఆదివారం పొద్దున నేనూ తమ్ముడూ గోతాం మోసుకొచ్చేవాళ్ళం. వాడి జుట్టునిండా పొట్టు.

పొయ్యి అంటే పాత రేకు డబ్బా, అడుగున పక్కగా ఒక బెజ్జం. దాన్ని దట్టించడం ఒక విద్య. ముందు బెజ్జంలోంచి ఒక కర్ర లోపలికి దూర్చాలి. డబ్బా మధ్యలో, ఆ కర్ర కొసని తాకేలాగా ఖాళీ సీసా నిలబెట్టాలి. చుట్టూ పొట్టు పోస్తూ, పచ్చడి బండతో కొద్దికొద్దిగా కూరాలి. అంచుదాకా నిండాక, సీసాని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. తర్వాత కర్ర. పొట్టు విరక్కుండా సొరంగం నిలబడిందా, గెలిచినట్టే. కిందినించి కాయితం ముక్క అంటిస్తే మధ్యలోంచి నీలంగా మంట లేచి మూడు గంటలు నడిచేది. అన్నం, పప్పు, పులుసు, ఆఖర్న స్నానానికి నీళ్ళు.

పొట్టు తడిగా ఉన్నా, వదులుగా కూరినా లోపల కూలిపోయేది. అప్పుడు చూడాలి ఆ పొగ. ఒకసారి పొయ్యి దట్టించే పని నాకప్పగించి అమ్మ నూతి దగ్గరికి వెళ్ళింది. నేను తొందరపడి సీసా ఒక్క ఊపున లాగేశాను. అన్నం సగం ఉడికేసరికి కూలింది. ఆ పూట పలుకన్నం తిన్నాం. అమ్మ తిట్టలేదు. నాన్న మాత్రం, "మనమ్మాయి కంపోజింగుకి పనికిరాదు, ఫారం కట్టకుండానే ఎత్తేసింది" అన్నాడు. ఫారం అంటే పేర్చిన అక్షరాలు కదలకుండా చట్రంలో బిగించి కట్టేది.

ఆ రోజులే బాగుండేవని నేనెప్పుడూ అనను. ఆ పొగకి అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆఖరి పదేళ్ళూ ఆవిడ పడ్డ దగ్గు వెనక ఆ పొయ్యి లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. గ్యాసు వచ్చిన రోజు ఆవిడ పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టి, ఆ పాత రేకుడబ్బాని మాత్రం పారెయ్యకుండా దాంట్లో తులసి మొక్క వేసింది.

*

తప్పులు చూసుకోడానికి ప్రూఫులు తీసిన కాయితాలు ప్రెస్సులో చిత్తుకాయితాల కింద పడేసేవారు. ఓనరుగారిని అడిగి నాన్న అవి ఇంటికి తెచ్చేవాడు. ఒకవైపు అచ్చు, ఒకవైపు తెలుపు. పద్దు పుస్తకాలే కాదు, మా రఫ్ నోట్సులు కూడా అవే. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నా రఫ్ నోట్సు తీసుకుని, వెనక్కి తిప్పి, గొంతు సవరించుకుని చదివారు. "మా ద్వితీయ పుత్రిక చిరంజీవి సౌభాగ్యవతి..." క్లాసంతా గొల్లుమంది. "ఎవరిదే పెళ్ళి? నీదా?" అని వారం రోజులు ఏడిపించారు. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ ఒకటే మాట అడిగింది. "లెక్క తప్పు చేశావా?" లేదన్నాను. "మరింకేం" అని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం తగ్గడానికి ఏళ్ళు పట్టింది, అబద్ధమెందుకు.

బట్టల విషయంలోనూ అంతే. సంక్రాంతికి ఒకే తాను. నాకు గౌను, తమ్ముడికి చొక్కా, మిగిలితే కిటికీకి గుడ్డ. గౌను అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టించేది. ఏడాదికో మడత విప్పేది. మడత ఉన్నచోట రంగు వెలవకుండా గీతలా మిగిలేది. ఆ గీతలు లెక్కపెడితే గౌను వయసు తెలిసిపోయేది.

*

ఒక పుస్తకంలో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. శనివారం పద్దు వెయ్యలేదు. ఖాళీ. కిందన సోమవారం తారీఖు, "కొవ్వొత్తులు" అని ఒక్క మాట.

అది ఉప్పెన శనివారం. 1977 నవంబరు 19. దివిసీమ పేరు తలుచుకుంటే మా వైపు వాళ్ళకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పదివేల మందికి పైగా పోయారు. తెనాలికి సముద్రం రాలేదు గానీ గాలి వచ్చింది. నాన్న బట్వాడా డబ్బులు జేబులో పెట్టుకుని, గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాడు. నోట్లు తడిసి ముద్దయ్యాయి. రాత్రంతా పెంకులు ఎగిరిపడుతుంటే మంచం కింద కూర్చున్నాం. అమ్మ ఆ నోట్లని ఒక్కొక్కటీ విడదీసి పప్పుడబ్బా మూత మీద అంటించింది.

పొద్దున చూస్తే మునగచెట్టు మొదలంటా విరిగి నూతి మీద పడుంది. పందిరి లేదు, చిక్కుడు పాదు లేదు. అమ్మ కాసేపు చూసింది. తర్వాత కత్తి తెచ్చింది. ఆకు దూసి, కాయలు కోసి, వీధిలో పొయ్యి వెలిగించగలిగిన ఇళ్ళన్నిటికీ పంచింది. కాండం ముక్కలు కొట్టి ఎండేసింది. మనిషెత్తు కొమ్మలు ఆరు ఏరి, దొడ్డి చుట్టూ గుంటలు తీసి పాతింది. మునగకొమ్మ ఎక్కడ పాతినా బతుకుతుంది. ఆరింట్లో నాలుగు చిగిర్చాయి. ఆ పుష్యంలో మాత్రం చిక్కుళ్ళు లేవు. పద్దులో వరసగా కూరల ఖర్చు కనిపించేది ఆ ఒక్క శీతాకాలమే.

*

శనివారం రాత్రి పద్దు చూడటం మా ఇంట్లో ఒక తంతు. అన్నాలయ్యాక నాన్న నవ్వారు మంచం మీద కూర్చునేవాడు. అమ్మ పుస్తకం ఇచ్చేది. అమ్మ అయిదో తరగతితో ఆపేసింది, దీర్ఘాలూ వత్తులూ ఆవిడ దయ. నాన్నకి తప్పు కనపడితే చెయ్యి ఊరుకోదు. ఎర్రపెన్సిలు తీసి, ప్రూఫులు దిద్దినట్టే దిద్దేవాడు. "చింతపండ్డు"లో వత్తుకి సున్న చుట్టి, మార్జిన్లోకి గీత లాగి, తోక పెట్టేవాడు. "బెండకయలు"కి దీర్ఘం పడేది. "పద్దు చూడమంటే తప్పులు దిద్దుతారేంటండీ" అని అమ్మ విసుక్కునేది. "తప్పుంటే అచ్చుకెట్లా పంపుతానే" అనేవాడు నాన్న. కూడికలు కూడా వదిలేవాడు కాదు. అయిదు పైసలు తేడా వస్తే మళ్ళీ మొదటినించి.

పదకొండు పుస్తకాల్లోనూ ఆ ఎర్రగీతలున్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక బియ్యం పద్దు ఒక్కసారిగా చిక్కిపోయింది. అక్కడ మాత్రం నాన్న ఏమీ దిద్దకుండా పక్కన చిన్న టిక్కు పెట్టాడు.

ఇంకొకటి కూడా అన్నిటిలోనూ ఉంది. ప్రతి వారం, అన్నిటికన్నా కింద: "పసుపు 1-00".

నలుగురున్న ఇంట్లో వారానికి రూపాయి పసుపు ఎవరు వాడతారు? గడపలన్నీ కలిపి రెండు.

దాని సంగతి నాకు తెలుసు. పదో తరగతి పాసయ్యాక నన్ను టైపు నేర్చుకోమంది అమ్మ. ఇన్‌స్టిట్యూట్ ఫీజు, పరీక్ష ఫీజు, ఎక్కణ్ణించి తెస్తావే అన్నాను. తలుపేసి, పైఅర మీంచి పసుపు డబ్బా దింపింది. పసుపులోకి చెయ్యి పెట్టి కెలికింది. రూపాయి బిళ్ళలు, అర్ధరూపాయిలు, చారణాలు, మడిచిన నోట్లు అన్నీ పచ్చగా బయటికొచ్చాయి. "మీ నాన్నకి చెప్పకు. పద్దులో రాశాగానీ తెలీదు పాపం" అంది. పైట కొంగుతో ఎంత తుడిచినా వాసన పోలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో సారు డబ్బులు లెక్కపెట్టుకుని వేళ్ళు వాసన చూసుకున్నారు. "ఏమ్మా, ఏ దేవుడి హుండీ పగలగొట్టావు?" అన్నారు.

లోయర్ పాసయ్యాను, హయ్యర్ పాసయ్యాను. ఆ టైపే నాకు ఉద్యోగమిచ్చింది. ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. నాన్న అక్షరాలు ఏరేవాడు, నేను కొట్టేదాన్ని. మా ఇద్దరి పనీ ఒకేసారి కంప్యూటర్లొచ్చి తినేశాయి. ప్రెస్సు మూతపడ్డాక ఆయన ఇంటి దగ్గర కూర్చుని పేపర్లో తప్పులు వెతుక్కునేవాడు. పసుపు డబ్బా గురించి ఆయనకెప్పుడూ నేను చెప్పలేదు. అమ్మ చెప్పిందనీ అనుకోను. అలవాటు మాత్రం పోలేదావిడకి. 2011లో చారణాలు చెల్లవన్నప్పుడు తమ్ముడు డబ్బా బోర్లిస్తే పిడికెడు బయటపడ్డాయి. పారెయ్యనివ్వలేదు.

*

ఆ సాయంత్రం నాలుగో పుస్తకంలో చేతిరాత మారింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య సమానంగా జాగా వదిలి, అచ్చుగుద్దినట్టు. నాన్న రాత. గుర్తొచ్చింది. రేపల్లెలో అమ్మమ్మకి జబ్బు చేస్తే అమ్మ వెళ్ళి మూడు వారాలు ఉండిపోయింది. వంటా, పద్దూ నాన్నే. ఆయనకి వచ్చింది పప్పూ, చారూ.

"హోటల్ ఇడ్లీ, పిల్లలకు 0-90." "రంపపు పొట్టు." "కుడితికి బదులు మజ్జిగ, ఖర్చు లేదు." ఖర్చు లేనిది కూడా రాశాడు, మనిషి అంత నిక్కచ్చి. తప్పులు లేవు కాబట్టి ఎర్రగీతలూ లేవు. కూడిక కింద రెండు గీతలు.

కూడికకి ముందు, మొదటి శనివారం: "పసుపు 1-00."

రెండో శనివారం: "పసుపు 1-00."

నేను పుస్తకం తమ్ముడి చేతికిచ్చాను. వాడు చదివి, మరదలికిచ్చాడు. ఆవిడకి అర్థం కాలేదు, చెప్పాలి. కాసేపటికి పుస్తకం మళ్ళీ నా దగ్గరికొచ్చింది. పేజీ తిప్పాను.

మూడో శనివారం: "పసుపు 2-00."

ఆ కాయితం వెనక్కి తిప్పి చూశాను. శ్రావణమాసం పెళ్ళి. ఆ వారం ఓవర్‌టైము ఉండుంటుంది.